అరుగు బడి నుంచి మాట్లాడే యంత్రం దాకా

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం పంపమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. పెన్షను సవరణల గురించీ, ఆరోగ్య కార్డుల గురించీ సాధికారంగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. కనుక నాకు తెలిసిన విషయం మీద రాయడమే న్యాయమనిపించింది. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖలో 1971లో సూపర్‌వైజరుగా చేరి, 2005లో పదవీ విరమణ చేశాను. ఆ 34 ఏళ్లలో రోడ్లు, కల్వర్టులు, మంచినీటి ట్యాంకులు ఎన్ని కట్టించినా, నా చేతి మీదుగా లేచిన కట్టడాల్లో ఎక్కువ భాగం బడి గదులే.

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా మనవలు, మనవరాళ్లు కృత్రిమ మేధ గురించి మాట్లాడుతున్నారు. అడిగినదానికి జవాబు చెప్పే యంత్రం, తప్పు దిద్దే యంత్రం బడిలోకి కూడా వస్తోంది. యంత్రం సంగతి అందరూ చెబుతున్నారు గాని, అది వచ్చి కూర్చునే గది సంగతి పట్టించుకునేవారు తక్కువ. బడి గదికి మన ప్రాంతంలో రెండు వందల ఏళ్ల లిఖిత చరిత్ర ఉంది. ఆ చరిత్ర చూస్తే, రాబోయే రోజుల్లో గది ఎలా ఉండాలో కొంత బోధపడుతుందని నా నమ్మకం. ఆ ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

అరుగే బడి

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న ఒక మినిట్ రాశారు. రాజధానిలోని ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎవరు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్ల నుంచి వివరాలు రాబట్టాలన్నది దాని సారాంశం. జవాబులన్నీ వచ్చాక 1826లో లెక్క తేలింది. మద్రాసు రాజధాని మొత్తం మీద 12,498 బడులు, అంటే సుమారు వెయ్యి మంది జనాభాకు ఒక బడి.

ఆ జవాబుల్లో మనకు మిక్కిలి విలువైనది బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక. ఈయన తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు. అందులో కన్నడం 235, తెలుగు 226. మిగిలినవి మరాఠీ, పారశీకం, అరవం, సంస్కృత బడులు. ఇంగ్లీషు బడి ఒక్కటే. విద్యార్థులు 6,641 మంది.

ఆ బడి ఎలా నడిచేదో కూడా ఆయన వివరంగా రాశారు. పిల్లలు తెల్లవారి ఆరింటికే వచ్చేవారు. ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఇలా ఆలస్యాన్ని బట్టి దెబ్బలు పెరిగేవి. మొండివాళ్లను చేతులు కట్టి దూలానికి వేలాడదీయడం కూడా ఉండేది. మన పెద్దలు చెప్పే కోదండం అదే. పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. గుంట ఓనమాలు అన్న మాట మనకు అలా మిగిలింది. ఆ తర్వాత తాటాకు మీద గంటంతో, నల్లటి కడితం మీద బలపంతో రాసేవారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ బడికి ప్రత్యేకంగా గది అవసరం లేదు. పంతులు గారి ఇంటి అరుగు, గుడి మంటపం, ఊరి చావడి, చెట్టు నీడ, ఏదైనా చాలు. తెలంగాణలో ఖాన్గీ బడులని పిలిచిన ప్రైవేటు పంతుళ్ల బడులు కూడా ఈ కోవకు చెందినవే. అయిదేళ్లవాడూ పన్నెండేళ్లవాడూ ఒకే అరుగు మీద కూర్చునేవారు. ఎవడి పాఠం వాడిదే. ఒకడు గుణింతంలో ఉంటే పక్కవాడు ఎక్కాల్లో ఉండేవాడు. వచ్చినవాడు రానివాడికి చెప్పేవాడు, పంతులు గారు పైవాళ్లకు చెబుతూ అందరి మీదా ఒక కన్నేసి ఉంచేవారు. ఎవడి వేగం వాడిది.

అయితే ఈ అరుగును చూసి మరీ మురిసిపోనవసరం లేదు. కాంప్‌బెల్ లెక్కలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే. ఊరి చివరి వాడలలోని పిల్లలకు అరుగు ఎక్కే అర్హతే లేదు. అరుగు పంతులు గారి ఇంటిది, ఎవరు ఎక్కవచ్చో ఆ ఇంటి ఆచారం నిర్ణయించేది. పైగా వల్లించిన పద్యానికి అర్థం తెలియకుండానే చదువు ముగిసిపోయేదని కాంప్‌బెల్ స్వయంగా వాపోయారు.

మన ఇసుక సీమకు వెళ్లింది

ఈ అరుగు బడి పద్ధతి మన్రో సర్వేకు పాతికేళ్ల ముందే ఇంగ్లండుకు చేరింది. మద్రాసు ఎగ్మూరులో మగపిల్లల అనాథాశ్రమానికి ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు 1789లో పర్యవేక్షకుడయ్యారు. స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం చూసి, తన ఆశ్రమంలో ఆ పద్ధతే ప్రవేశపెట్టారు. స్వదేశం వెళ్లాక 1797లో దానిపై పుస్తకం ప్రకటించారు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరు స్థిరపడింది. జోసెఫ్ లాంకాస్టర్ కూడా అదే కాలంలో ఇటువంటి పద్ధతినే ప్రచారం చేశారు. వందలాది మంది పిల్లలను ఒక పెద్ద హాలులో వరుసలుగా కూర్చోబెట్టి, కొద్దిమంది పెద్ద పిల్లల సాయంతో ఒకే ఉపాధ్యాయుడు నడిపే బడులు ఇంగ్లండులో వెలిశాయి. బెల్ 1832లో మరణిస్తే వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేశారంటే ఆయనకు దక్కిన గౌరవాన్ని ఊహించవచ్చు.

మన అరుగు మీద పదిహేను, ఇరవై మందికి పనికివచ్చిన పద్ధతి అక్కడి హాలులో వందల మందికి వచ్చేసరికి కవాతుగా మారింది. పద్ధతి ఒకటే, స్థలం మారింది. స్థలంతోపాటు చదువు స్వభావమూ మారింది.

తరగతికొక గది

1854లో ఉడ్స్ డిస్పాచ్ వచ్చింది. విద్యాశాఖలు, ఇన్‌స్పెక్టర్లు, గ్రాంట్లు వరుసగా వచ్చాయి. పిల్లవాడు ఏ తరగతి పరీక్ష ప్యాసయ్యాడన్నదాన్ని బట్టి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి మద్రాసు రాజధానిలో చాలా కాలం నడిచింది. లెక్క చూపాలంటే తరగతులు విడగొట్టాలి. తరగతులు విడిపోతే గదులు విడిపోవాలి. ఒక వయసు పిల్లలు, ఒక పుస్తకం, ఒక పాఠం, ఒక నల్లబల్ల, దాని ముందు ఒక పంతులు. మనం పుట్టినప్పటి నుంచి చూసి అనాదిగా ఉన్నదనుకునే తరగతి గది నిజానికి నూట యాభై ఏళ్లకు అటూ ఇటూ వయసున్న ఏర్పాటు.

దీనివల్ల నష్టం అందరికీ తెలుసు. ముందున్నవాడు ఆగాలి, వెనుకబడ్డవాడు అక్కడే ఉండిపోతాడు. లాభం మాత్రం అంతకంటే గొప్పది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. భాగ్యరెడ్డివర్మ గారు హైదరాబాదులో దళిత బాలబాలికలకు బడులు నడిపారు. అటువంటి మహనీయుల కృషికి చట్టాల బలం తోడై, స్వాతంత్ర్యం వచ్చాక బడి గది అందరిదీ అయ్యింది. అరుగు పంతులు గారిదైతే, సర్కారు గది ఊరిది. అన్ని వాడల పిల్లలూ ఒకే చాప మీద పక్కపక్కన కూర్చున్న మొదటి చోటు చాలా ఊళ్లలో అదే. బడి గది చరిత్రలో దీన్ని మించిన సంఘటన లేదు.

రెండు గదులు, అయిదు తరగతులు

1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం వచ్చింది. ఎండకూ వానకూ ఆగే రెండు పెద్ద గదులు, లోతైన వరండా, బాలబాలికలకు వేరు వేరు మరుగుదొడ్లు, కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు, వారిలో వీలైతే ఒక మహిళ, ఇవీ దాని ముఖ్యాంశాలు. అప్పట్లో మా సెక్షను ఆఫీసు బల్ల మీద బడి ఎస్టిమేట్లు తప్ప మరేమీ కనిపించేవి కావు. ఇసుక ఎక్కడి నుంచి, సిమెంటు ఎన్ని బస్తాలు, శ్లాబు ఎప్పుడు అన్నవే మా ఆలోచనలు. ఇంతకు మించి ప్లానులో ఏమైనా ఉండాలని పైనుంచీ అడగలేదు, కిందనుంచీ అడగలేదు. నమూనా ప్లాను ఒక్కటే, ఊరేదైనా.

రెండు గదులలో అయిదు తరగతులు. ఆచరణలో ఒక గదిలో ఒకటి, రెండు, మరో గదిలో మూడు, నాలుగు, అయిదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కూడా అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులే, ఉపాధ్యాయునికి ఒక గది చొప్పున రెండు గదులే. అంటే తరగతికొక గది అనేది మన చిన్న ఊళ్లకు కాగితం మీద తప్ప ఎన్నడూ రాలేదు. అరుగు మీది కలగలుపు గది లోపలికి వచ్చింది, అంతే. కాని ఆ గదిని మాత్రం ఒకే తరగతికి తగినట్టు కట్టాం. ఒకే గోడకు ఒకే నల్లబల్ల, పిల్లలందరూ దానికేసి చూస్తూ కూర్చోవాలి.

పాకలను తీసివేసి శ్లాబులు వేయాలన్న పట్టుదలకు బలమైన కారణం ఉంది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల తాటాకు కప్పుకు నిప్పంటుకుని 94 మంది పసిపిల్లలు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజున మా ఆఫీసులో ఎవరమూ సరిగా భోజనం చేయలేదు. పాఠశాలల అగ్ని భద్రత గురించి 2009లో సుప్రీంకోర్టు ఆదేశాలు ఇవ్వడానికి ఆ ప్రమాదమే మూలం. గది విషయంలో మొదటి ధర్మం పిల్లవాడు క్షేమంగా ఇంటికి చేరడం. మిగతావన్నీ దాని తర్వాతే.

మదనపల్లె దగ్గర ఒక ప్రయోగం

కలగలుపు గదికి తగిన ఏర్పాటు ఎలా ఉండాలో మన నేల మీదే చేసి చూపినవారున్నారు. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా కర్ణాటక కోలారు జిల్లాలో డేవిడ్ హార్స్‌బర్గ్ 1972లో నీల్‌బాగ్ అనే చిన్న బడి పెట్టి, వేర్వేరు వయసుల పిల్లలను కలిపి చదివించారు. ఆ తర్వాత మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెలకు ఉపగ్రహ పాఠశాలలు నెలకొల్పారు. అక్కడ పాఠ్యపుస్తకానికి బదులు కార్డులుంటాయి. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టుకు కొన్ని కార్డులు పెడతారు. పిల్లవాడు గోడ మీది నిచ్చెన పటంలో తానెక్కడున్నాడో చూసుకుని, అరలోంచి తన కార్డు తానే తెచ్చుకుంటాడు.

ఆ పద్ధతికి తగ్గట్టు గది కూడా మారింది. పిల్లలు వరుసల్లో కాక గుండ్రంగా గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపు పంతులు గారితో, ఒక గుంపు కొంత పంతులుతో కొంత తోటివారితో, ఒక గుంపు తోటివారితోనే, మరొకటి ఎవరికి వారే. కార్డుల అరలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటాయి. ఈ పద్ధతి కర్ణాటకలో నలి కలి పేరుతో, తమిళనాడులో కృత్యాధార బోధన పేరుతో వేల బడులకు పాకింది. తమిళనాడులో గది చుట్టూ గోడ అడుగున నల్లరంగు పట్టీ వేసి, ప్రతి పిల్లవాడికీ తన జానెడు నల్లబల్ల ఇచ్చారు. ఖర్చు ఎంత? ఒక డబ్బా రంగు.

మన రాష్ట్రంలోనూ బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు చెప్పింది. పిల్లలు చేసిన పనులను గోడల మీద ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా ఉంచాలన్నది అందులో ఒకటి. మనలో ఉపాధ్యాయులుగా పనిచేసినవారికి ఆ శిక్షణ తరగతులు జ్ఞాపకం ఉండే ఉంటాయి.

యంత్రాల రాక

బడికి యంత్రం రావడం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీలు వచ్చాయి. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. 1984లో బి.బి.సి. మైక్రో కంప్యూటర్లతో క్లాస్ అనే పథకం కొన్ని ఉన్నత పాఠశాలలకు వచ్చింది. ఆ తర్వాత కంప్యూటర్ గది అని ఒకటి వెలసింది. దానికి ఇనుప గ్రిల్లు, తాళం. తాళంచెవి ఒకరి దగ్గర, ఆ ఒకరు సెలవులో. నేను తనిఖీకి వెళ్లిన బడుల్లో దుప్పటి కప్పిన కంప్యూటర్లను చూడని ఏడాది లేదు. యంత్రానికి విడిగా గది కట్టి తాళం వేస్తే అది ఆస్తి రిజిస్టరులో ఒక అంశంగా మిగులుతుంది, చదువులో భాగం కాదు.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల ద్వారా పాఠాలు చెప్పారు. పాఠం అందింది, బడి అందలేదు. ఫోను ఉన్న ఇంటి పిల్లవాడూ లేని ఇంటి పిల్లవాడూ మళ్లీ వేరైపోయారు. ఆ రెండేళ్లలో గది విలువ ఏమిటో దేశమంతటికీ తెలిసివచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో నాడు-నేడు పథకం మొదలై తొలి దశలో 15,715 బడులను తీసుకున్నారు. తెలంగాణలో 2022 మార్చిలో మన ఊరు-మన బడి మొదలైంది. నీళ్లు వచ్చే మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు చాలా బడులకు వచ్చాయి. అదే 2022 నవంబరు 30న చాట్ జీపీటీ విడుదలైంది. 2025లో తెలంగాణలో కొన్ని జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో చదవడంలో, లెక్కల్లో వెనుకబడిన పిల్లలకు కృత్రిమ మేధతో సాధన చేయించడం మొదలుపెట్టారు. ఏ పిల్లవాడికి ఆ పిల్లవాడి మెట్టు నుంచి మొదలుపెట్టడమే దాని ప్రత్యేకత. అరుగు మీద పంతులు గారు చేసినదీ, రిషివ్యాలీ కార్డులు చేసినదీ అదే కదా.

ఇప్పుడు గది ఎలా ఉండాలి?

నా భయం ఒక్కటే. "యంత్రం ఉందిగా, రెండో పంతులెందుకు?" అని రేపు ఎవరైనా అడగవచ్చు. వారికి చూపవలసిన రుజువు ఉంది. పిల్లవాడి స్థాయిని బట్టి పాఠం మార్చే కంప్యూటర్ కార్యక్రమం మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ ఢిల్లీలో పరిశోధన చేసి 2019లో ప్రచురించారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ పిల్లలు గణనీయంగా ముందుకు వెళ్లారు. అయితే రోజూ కేంద్రంలో గడిపే గంటన్నరలో 45 నిమిషాలే కంప్యూటర్. మిగతా 45 నిమిషాలు పన్నెండు, పదిహేను మంది గుంపుగా ఒక మనిషి దగ్గర కూర్చునేవారు. ఈ రెండు భాగాలూ కలిసి ఉన్న కార్యక్రమానిదే ఆ ఫలితం.

కనుక గదిలో మూడు పనులకు చోటుండాలి. యంత్రంతో పని, తోటివారితో పని, పంతులు గారితో పని. కట్టించినవాడిగా కొన్ని సూచనలు చేస్తాను.

మొదటిది శబ్దం. కొత్త యంత్రం పిల్లవాడిచేత బిగ్గరగా చదివించి విని తప్పు దిద్దుతుంది. మన శ్లాబు గదిలో నున్నటి గోడలు, ఉత్త నేల, పదిమంది చదివితే ఇరవై గొంతులు వినిపిస్తాయి. గోడలకు మెత్తటి అట్టబల్లలు కొట్టి వాటి మీద పిల్లల బొమ్మలు అంటిస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. గదుల మధ్య సగం గోడలుంటే శ్లాబుదాకా లేపాలి.

రెండోది వెలుతురు. తెర మీద కిటికీ నీడ పడితే పిల్లవాడు అక్షరం చూడలేడు. తెరలను కిటికీకి ఎదురుగా కాక, కిటికీ వెలుగు పక్కనుంచి పడే గోడకు పెట్టాలి.

మూడోది తెరల చోటు. గదిలో మూడో వంతుకు మించి వాటికి ఇవ్వరాదు. పంతులు గారు ఎక్కడున్నా తల తిప్పితే అన్ని తెరలూ కనబడాలి. ప్లగ్గులు పిల్లల చేతికి అందని ఎత్తులో, ఎర్తింగు సరిగా ఉండాలి. విడిగా గది వద్దు, తాళం అసలే వద్దు.

నాలుగోది వరండా. ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ నాటి లోతైన వరండాలు ఇంకా చాలా బడుల్లో ఉన్నాయి. వాటిని పాత బల్లలతో నింపకుండా చాప పరిచి, కథల పుస్తకాలు పెడితే అది మన పాత అరుగే. ఈసారి ఆ అరుగు మీదికి అందరూ రావచ్చు.

మన వంతు

ఇసుక పోయి పలక వచ్చింది, పలక పోయి నోటుపుస్తకం వచ్చింది, ఇప్పుడు తెర వస్తోంది. ఏది వచ్చినా పిల్లవాడు తడబడుతూ చదివినప్పుడు వినే చెవి, "మళ్లీ చదువు నాన్నా" అనే గొంతు అవసరం తీరలేదు. యంత్రం తప్పు దిద్దగలదు. పిల్లవాడు ఆ పూట అన్నం తినకుండా వచ్చాడని పోల్చుకోవడానికి పక్కన మనిషి ఉండాలి.

మన సంఘ సభ్యులందరం ఏదో ఒక ఊరి బడికి దగ్గరలోనే ఉన్నాం. బడి యాజమాన్య కమిటీ వారితో మాట్లాడి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో, వారానికి ఒక గంట వరండాలో కూర్చుందాం. ఇద్దరు పిల్లలు చదువుతుంటే విందాం. ఇంజనీర్లు ప్లగ్గులు, శ్లాబు పగుళ్లు చూడవచ్చు, లెక్కల గుమాస్తాలు ఎక్కాలు అప్పజెప్పించుకోవచ్చు, నర్సులుగా పనిచేసిన సోదరీమణులు పిల్లల కళ్లు చూడవచ్చు. ఇందుకు జి.ఓ. అక్కరలేదు, టి.ఎ. బిల్లు అంతకన్నా అక్కరలేదు. ఓపిక ఉన్నవారు మీ పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.